ఐదో అద్దం

నాలుగో అద్దం మీద చివరిసారి బ్లేడు లాగి, నాచు బాబాయి పొడవాటి కర్రను నీళ్లలోంచి పైకి తీశాడు. ఐదో అద్దం వైపు ఒకసారి చూశాడు. చూసి, కర్రను గోడకు ఆనించేశాడు.

పొద్దున్న ఆరూ నలభై. సముద్ర జీవుల ప్రదర్శనశాల తలుపులు తెరవడానికి ఇంకా రెండు గంటల పైనే ఉంది. మోటార్ల హోరు తప్ప లోపల మరో శబ్దం లేదు. హాలుకు రెండు పక్కలా చిన్న చేపల గాజుపెట్టెలు, చివర గోడ నుంచి గోడ దాకా పెద్ద సిమెంటు తొట్టి. దానికి ముందువైపు తలుపంతేసి అద్దాలు ఐదు. నాలుగు అద్దాలు అక్కడ ఉన్నాయో లేవో చెయ్యి పెట్టి చూస్తే గానీ తెలియనంత శుభ్రంగా ఉన్నాయి. ఐదోది మాత్రం నడుమెత్తు నుంచి కిందికి నాచు పట్టి, ముదురాకుపచ్చ తెర దించినట్టు ఉంది.

ముప్పై ఏళ్లుగా అద్దాలు గీకుతున్న మనిషి, రెండేళ్లుగా ఒక్క అద్దాన్ని ముట్టుకోవడం లేదు. ఎందుకో తెలిసిన ప్రాణులు లోకంలో రెండే. ఒకటి బాబాయి. రెండోది ఆ అద్దం వెనకే, తొట్టి మూలన, నీటిగొట్టం కింద తల దూర్చి నిద్రపోతోంది.

బాబాయికి యాభై ఏడేళ్లు. సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. ఆ వంపు వయసుది కాదు, గట్టు మీద నిలబడి కిందికి చూస్తూ కర్ర తిప్పే పనిది. అరచేతులు ఎప్పుడూ నాని ముడతలు పడి ఉంటాయి. గోళ్ల అంచుల్లో ఏ సబ్బుకూ లొంగని పచ్చదనం. అసలు పేరు హాజరు పట్టీలో భద్రంగా ఉంది. దాన్ని నోటితో పలికిన వాళ్లెవరూ ఆ భవనంలో ఇప్పుడు లేరు. మూడు నెలల టెంపరరీ పని మీద వచ్చాడు. ఆ మూడు నెలలు ముప్పై ఒక్క ఏళ్లుగా సాగుతున్నాయి.

వెనక గదిలో పీట మీద కూర్చుని కత్తి తీశాడు. లెట్యూస్ కట్టలు రెండు, పాలకూర ఒకటి, కీరాలు నాలుగు. ఆకుల మొదళ్లు కోసి, కీరాలను నిలువుగా చీల్చి, అన్నిటినీ చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ గొట్టంలో కుచ్చులుగా దూర్చాడు. తాడు కట్టి దాన్ని సరిగ్గా మూడో అద్దం ముందు నీళ్లలోకి దించాడు. ఎప్పుడూ మూడో అద్దమే. దానికీ కారణం ఉంది.

"అమ్మడూ" అన్నాడు.

మూలనున్న పెద్ద నీడ కదిలింది. గొట్టం కింద నుంచి వెనక్కి జరిగి, రెండు ముందు తెడ్లూ ఒక్కసారి విప్పి, పైకి తేలింది. నీటి మీద ముక్కు పెట్టి బుస్సుమని గాలి వదిలింది. అంతే వేగంగా మళ్లీ నింపుకుంది. రాత్రి నిద్రలో రెండు మూడు గంటలకోసారి ఆ శ్వాస చాలు దానికి. మెలకువగా ఉంటే ఐదారు నిమిషాలకోసారి పైకి రావాలి. ఈ లెక్క బాబాయికి పుస్తకం చెప్పలేదు. అమ్మడికి జబ్బు చేసిన ఏడాది నాలుగు రాత్రులు గట్టు మీద చాప వేసుకుని పడుకున్నప్పుడు చెవులే చెప్పాయి.

అది ఆకులు అందుకుంది. చిన్నతనంలో పీతపిల్లలు, రొయ్యలు, దొరికిందల్లా తినేది. పెద్దయ్యాక గడ్డికీ ఆకులకూ మళ్లింది. దాని జాతే అంత. కింది దవడ అంచు రంపంలా ఉంటుంది, లెట్యూస్ మొదలు ఒక్క పట్టుకు తెగిపోతుంది. పేరుకు పచ్చ తాబేలు గానీ డిప్ప గోధుమరంగే. తిన్న పచ్చికంతా లోపల కొవ్వులోకి దిగి అక్కడ పచ్చగా ఉంటుందట. ఆ పచ్చదనం బాబాయి చూడలేదు, చూడాలనీ లేదు. ఊరి చెరువుల్లోని తాబేళ్లలా ఇది తల లోపలికి లాక్కోలేదు. భయం వేస్తే దాక్కునే చోటు దాని ఒంట్లోనే లేదు.

దాచిపెట్టే పని బాబాయే నెత్తిన వేసుకున్నాడు.

ఎనిమిదింపావుకు టికెట్లక్క వచ్చింది. టికెట్ల కిటికీలో పద్నాలుగేళ్లుగా కూర్చుంటోంది. నోట్లో నువ్వుగింజ నానదు, చేతిలో ఫ్లాస్కు ఖాళీగా ఉండదు. బాబాయికి రోజూ ఓ గ్లాసు టీ పోసేదీ, రోజూ ఓ మాట అనేదీ ఆవిడే.

"ఏం బాబాయ్, నీ కూతురు రెడీనా? డాక్టరమ్మ పదకొండింటికే వచ్చేస్తుందట."

"ఆ."

"ఆ ఏంటి ఆ? ఆ మూల అద్దం అలాగే వదిలేశావ్. నీ చేతికి కూడా వయసొచ్చిందా?"

"అటు వెలుతురు పడితే దానికి కళ్లు నొప్పి."

"వెలుతురా? ఈ గుహలోనా!" ఆవిడ పకపకా నవ్వింది. గ్లాసు అందిస్తూ వెనక వైపు తలుపు కేసి చూసింది. "ఇసుక కూడా దున్నేసినట్టున్నావే. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! గుడ్డు లేదు గానీ గుంత మాత్రం ఏడాది పొడుగునా సిద్ధం."

బాబాయి టీ ఊదుకున్నాడు.

"అయినా నీకెందుకు బాబాయ్ బెంగ? ఆడదైతే ఇక్కడే ఉంచమనేగా ఉత్తరంలో ఉంది. కార్డు మీద ఆడ అని రాసే ఉంది. ఆవిడ చూస్తుంది, సంతకం పెడుతుంది, టీ తాగి పోతుంది. అంతే."

"అంతే" అన్నాడు బాబాయి.

ఆ ఉత్తరం వచ్చి వారమైంది. సూపర్వైజరు దాన్ని అందరికీ చదివి వినిపించాడు. ఎక్కడో తీరంలో తాబేళ్ల కేంద్రం ఉంది. వాళ్లకు ఎదిగిన మగ పచ్చ తాబేలు కావాలి. తొట్లలో పెరుగుతున్న ప్రతి తాబేలునూ వాళ్ల డాక్టరు స్వయంగా చూస్తుంది. ఆడదైతే ఉన్నచోటే ఉంచొచ్చు. మగదైతే ఆ రోజే అప్పగించాలి.

ఉత్తరం విన్న దగ్గర్నుంచి బాబాయికి రాత్రుళ్లు నిద్ర లేదు. ఎందుకంటే అమ్మడు మగది.

ఇరవై ఆరేళ్ల కిందట, వలలో చిక్కిందని ఒక జాలరి గోనెసంచిలో తెచ్చి ఇచ్చినప్పుడు, అది అన్నం తినే పళ్లెమంత ఉండేది. అప్పటి ముసలి డాక్టరు దాన్ని తిప్పి చూసి, పాతికేళ్లు వస్తే గానీ వీటిలో ఆడా మగా ఎవరికీ తెలియదన్నాడు. అయితే కార్డులో ఒక గడి ఉంది. గడి అన్నాక నింపాలి. పెన్ను పట్టుకుని బాబాయి వైపు చూశాడు.

"ఏం రాయమంటావోయ్?"

బాబాయికి అప్పుడు ముప్పై ఒకటి. "ఆడపిల్ల అని రాయండి సార్" అన్నాడు.

ఒక మనిషి జీవితంలో తన ఇష్టం చెప్పమని ఎవరైనా ఎన్నిసార్లు అడుగుతారు? బాబాయిని అడిగింది ఆ ఒక్కసారే. కార్డు మాసిపోయినప్పుడల్లా కొత్త కార్డు మీదికి పాత మాటే ఎక్కింది. సూపర్వైజర్లు పదకొండు మంది మారారు. ఏడాదికోసారి వచ్చే డాక్టర్లు కళ్లు చూసి, బరువు రాసుకుని పోయారు.

ఒకప్పుడు అతని తోడబుట్టిన అక్క ఒక సంబంధం చూసింది. అవతలివాళ్లు మధ్యాహ్నానికి వస్తామన్నారు. ఆ రోజే అమ్మడు ప్లాస్టిక్ ముక్క మింగి, ఒక పక్కకు ఒరిగిపోయి మునగలేక తేలుతోంది. బాబాయి దాని పక్కన ఛాతీలోతు నీళ్లలో, ఈత రాని కాళ్లను నేలకు అదిమిపెట్టి, డిప్పను రెండు చేతులతో తిన్నగా పట్టుకుని నిలబడ్డాడు. వచ్చినవాళ్లు మూడు దాకా చూసి వెళ్లిపోయారు. అక్క రెండేళ్లు మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది గానీ, సంబంధాల ఊసు ఎత్తలేదు. ఇప్పుడు అతనికి రెండు వీధుల అవతల మేడ మీద ఒంటిగది. అందులో ఒక మంచం, ఒక స్టవ్వు. కుర్చీ ఒకటే. రెండోది ఎందుకన్నది అతనికి ఎప్పుడూ తోచలేదు.

ఆడ తాబేలు తను పుట్టిన తీరానికే వెతుక్కుంటూ వచ్చి గుడ్లు పెడుతుందని ఆ ఏడే ఎవరో చెప్పారు. ఇక బాబాయి ఆగలేదు. జాలరిది ఏ రేవో కనుక్కుని, ఏడు గంటలు బస్సులో వెళ్లి, రెండు గోనెసంచుల ఇసుక తెచ్చాడు. మరుసటి ఏడు మళ్లీ వెళ్లాడు. ఏటా సెలవు పెట్టేది ఒక్కందుకే. కండక్టర్లు తిట్టారు, తోటి ప్రయాణికులు కాళ్లు ముడుచుకుని సణిగారు. తొట్టి వెనక ఖాళీగా పడి ఉన్న గదిలో ఆ ఇసుక మొదట పొరలా, తర్వాత పరుపులా, చివరికి మోకాలిలోతు మేటగా పేరుకుంది. నీళ్లలోంచి అందులోకి ఎక్కడానికి వాలుగా సిమెంటు మెరక కట్టించమని ఏ సూపర్వైజరును ఎలా బతిమాలుకున్నాడో అదొక పెద్ద కథ. ప్రతి సోమవారం ఇసుకను జల్లెడపట్టి, తడిపి, మెత్తగా సర్దుతాడు. అమ్మడు ఒక్కసారీ అటు తల తిప్పలేదు.

మూడేళ్ల కిందట, డిప్ప తోముతున్నప్పుడు, తోక చేతికి తగిలింది. అంతకుముందు డిప్ప అంచు దాటని బుడిపె. ఇప్పుడు వేలంత బయటికి ఉంది. ఆర్నెల్లకు అరజానెడు దాటింది. ఆఫీసు బీరువాలో పాత పుస్తకం తీసి, వేలు పెట్టుకుంటూ చదివాడు. మగదానికి ఎదిగాక తోక పొడుగవుతుంది. ఆడదానికి కాదు. పుస్తకం మూసి, బీరువాలో అట్టడుగున పెట్టి, దాని మీద పాత ఫైళ్లు పేర్చాడు.

అప్పటినుంచి అద్దం. మూడో అద్దం ముందు మేత పెడితే అమ్మడు జనం వైపు మొహం పెట్టి తింటుంది. తోక వెనక ఉండిపోతుంది. తిన్నాక మూలకు పోయి ఐదో అద్దం వెనక పడుకుంటుంది. ఆ అద్దం మీద నాచు ఉంటే చాలు. నాచు పెంచడం బాబాయికి ఎవరూ నేర్పనక్కర్లేదు. చెయ్యి ఆపితే చాలు, అదే పెరుగుతుంది.

పది గంటలకు సూపర్వైజరు వచ్చాడు. నలభై దాటని మనిషి. ఇస్త్రీ మడత నలగకుండా నడుస్తాడు.

"ఏవయ్యా, ఆ చివరి అద్దం చూస్తే నాకే సిగ్గుగా ఉంది. బయటివాళ్లు వస్తున్నారు. కాస్త గీకెయ్."

"బ్లేడు మొండిదైపోయింది సార్. రేపు మార్చి గీకుతా."

"నాలుగు అద్దాలకు లేని మొండితనం ఐదో దానికొచ్చిందా?"

సమాధానం కోసం ఆగే తీరిక సూపర్వైజరుకు లేదు. "గుడ్లు పెడుతుందన్న మాట కూడా ఆవిడ చెవిన వెయ్యి. ఆడదైతే జనం వస్తారు" అంటూ గదిలోకి వెళ్లిపోయాడు.

డాక్టరమ్మ అన్న టైముకే వచ్చింది. వెనక గేటు దగ్గర చిన్న లారీ ఆగింది. నలభై ఏళ్ల మనిషి, ఎండకు కమిలిన మొహం, బొంగురు గొంతు, కాళ్లకు రబ్బరు చెప్పులు. లోపలికి నడుస్తుంటే ఆ చెప్పుల్లోంచి నేల మీద ఇసుక రాలింది. బాబాయి ముందుగా చూసింది ఆ ఇసుకనే.

ఆమె తొట్టి ముందు బల్ల మీద కూలబడి కార్డు తీసుకుంది. అమ్మడు మూడో అద్దం దగ్గర మిగిలిన కీరా ముక్క కోసం మొహం పెట్టి ఉంది. బాబాయి పొద్దున్న గొట్టం అడుగున నొక్కిపెట్టిన ముక్క అది. అంత తొందరగా ఊడి రాదు.

"ఆడ" అని చదివింది డాక్టరమ్మ. "ఎన్నేళ్లుగా ఇదే రాస్తున్నారు?"

"మొదట్నుంచీ మేడమ్" అన్నాడు సూపర్వైజరు. "వెనకాల గుడ్లకు ఏర్పాటు కూడా ఉంది."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు బాబాయి తన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

డాక్టరమ్మ తల ఎత్తి తాబేలు మొహం చూసింది. లేచి దగ్గరికి వస్తుందనుకున్నాడు. రాలేదు. కళ్లు నులుముకుంది. "పది రోజుల్లో ఇది ఆరో చోటు. ఐదు చోట్లా ఆడవే. ఇదీ అంతే. సరే, ఆ ఫారం ఇవ్వండి."

పెన్ను తీసింది. క్యాపు విప్పింది.

బాబాయి గెలిచాడు. అంత సులువుగా గెలుస్తానని అతను కలలో కూడా అనుకోలేదు. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి అడిగాడు. "మగదే ఎందుకమ్మా అంతలా వెతుకుతున్నారు?"

"ఇసుక వేడెక్కిపోతోంది బాబాయ్." ఆమె రాస్తూనే చెప్పింది. "గుడ్డులో ఉన్నది ఆడో మగో ఇసుక వేడే తేలుస్తుంది. చల్లగా ఉంటే మగవి, వేడిగా ఉంటే ఆడవి. మా తీరంలో ఎన్నో ఏళ్లుగా పుట్టినవన్నీ ఆడపిల్లలే. ముందు సంతోషపడ్డాం, గుడ్లు ఎక్కువొస్తాయని."

"వచ్చాయా?"

"ఎందుకు రావు? వస్తాయి. అంత బరువు ఈడ్చుకుంటూ ఒడ్డెక్కుతాయి. గంటలకొద్దీ తవ్వుతాయి. వందేసి గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒళ్లు హూనమై సముద్రంలోకి పోతాయి. మేం రెండు నెలలు కాపలా కాస్తాం. తర్వాత తవ్వి చూస్తే..." పెన్ను ఆగింది. "లోపల ఏమీ ఉండదు. ఒక్కదాంట్లో కూడా. ఉత్త గుడ్లు. కిందటేడు నలభై గుంతలు. అన్నీ నా చేతుల్తోనే తవ్వాను."

ఆమె ఎవరితోనూ ఇంత మాట్లాడి చాలా రోజులైనట్టుంది. చేతులు చూసుకుంది, మళ్లీ కాగితం మీదికి వంగింది.

బాబాయి ఆ చేతులే చూస్తున్నాడు. గోళ్ల సందుల్లో ఇసుక. నలభై గుంతలు. తనది ఒక్క గుంత. ఏటా సర్ది, ఏటా ఎదురుచూసింది. ఎవరూ రాని గుంత సంగతి అతనికి తెలుసు. వచ్చి, అన్నీ చేసి, ఏమీ మిగలకుండా పోయేవాళ్ల సంగతి ఇప్పుడే విన్నాడు.

గోడకు ఆనించిన కర్ర తీసుకున్నాడు. గట్టెక్కాడు. ఐదో అద్దం పైన నిలబడి, బ్లేడును నీళ్లలోకి దించాడు.

పైనుంచి కిందికి ఒక్క లాగు. నాచు పట్టీలా లేచి, తిరుగుతూ విడిపోయింది. మరో లాగు. మరొకటి. రెండేళ్ల నాచు మూడు నిమిషాల్లో ఊడింది. బ్లేడు మొండిదేమీ కాదు.

"ఇప్పుడా గీకడం!" అన్నాడు సూపర్వైజరు.

అమ్మడు కీరా ముక్కను వదిలేసి, ఎప్పటిలాగే మూలకు తిరిగింది. మూడో అద్దం దాటింది, నాలుగో అద్దం దాటింది. ఐదో అద్దం ముందుకు పక్కవాటుగా వచ్చింది. ముందు తెడ్డు, డిప్ప, వెనక తెడ్డు, దాని వెనక తోక. లావుగా, పొడుగ్గా, చివర కొక్కెంలా వంగి.

డాక్టరమ్మ లేచి నిలబడింది. కాగితాలు ఒళ్లోంచి జారి నేల మీద పడ్డాయి. ఆమె ఇక తాబేలును చూడలేదు. తలెత్తి గట్టు మీదున్న బాబాయిని చూసింది.

"ఎప్పటినుంచి తెలుసు?"

"మూడేళ్లు."

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే తీసుకుపోతారుగా."

సూపర్వైజరు నోరు తెరిచాడు. డాక్టరమ్మ చెయ్యెత్తింది. ఆ నోరు అలాగే మూసుకుంది.

నీళ్లు నడుములోతుకు దిగడానికి గంటన్నర పట్టింది. బాబాయి తొట్టిలోకి దిగి డిప్పను రెండు పక్కలా పట్టుకున్నాడు. అమ్మడు పెనుగులాడలేదు. ఆ చేతులు దానికి కొత్త కాదు. డాక్టరమ్మ దర్జీలు వాడే గుడ్డటేపు తీసి, ఒక కొస బాబాయికిచ్చి, మెడ దగ్గర్నుంచి డిప్ప పొడవు కొలిచింది. డిప్ప అంచు దగ్గర టేపు మీద పెన్నుతో గీత పెట్టింది. అక్కణ్నుంచి తోక కొస దాకా లాగి ఇంకో గీత పెట్టింది.

"బాగా పెంచారు వీణ్ని" అంది. "మొదట ఒడ్డు దగ్గర సముద్రపు పాయలో వల కట్టి ఉంచుతాం. సొంతంగా మేయడం నేర్చుకున్నాక వదిలేస్తాం."

"మళ్లీ ఒడ్డుకొస్తుందా?"

"మగవి రావు. పిల్లగా ఒకసారి సముద్రంలోకి దిగితే ఇక దాదాపుగా అంతే. నేల ముట్టవు." టేపు గట్టు మీద పెట్టి, ఆమె వాలుమెరక చివరున్న గదిలోకి తొంగి చూసింది. మెత్తగా సర్దిన ఇసుక, దాని మీద జల్లెడ గీతలు. "ఇంత ఇసుక! ఎవరు పోయించారు ఇదంతా?"

బాబాయి డిప్ప మీద నీళ్లు చల్లుతున్నాడు.

"ముందునుంచీ ఉంది" అన్నాడు.

నూట ఇరవై కిలోలు. నలుగురూ పట్టాల్సి వచ్చింది. డాక్టరమ్మ, డ్రైవరు, బాబాయి, ఇస్త్రీ మడతల సూపర్వైజరు. కాన్వాసు జోలెలో వేసి, వెనక గేటు దాకా మోసి, లారీలో పరిచిన స్పాంజి పరుపు మీద దించారు. తడి తువ్వాళ్లు కప్పారు. ఎండ వెలుగులో అమ్మడి కళ్ల నుంచి చిక్కటి నీరు ధారగా జారుతోంది. టికెట్లక్క కిటికీ మూసేసి మరీ వచ్చింది.

"ఏడుస్తోంది బాబాయ్."

"ఏడుపు కాదు. ఉప్పు. ఒంట్లో ఎక్కువైతే అలాగే బయటికి తోసేస్తుంది."

ఆవిడ బాబాయి మొహం వైపు చూడబోయి, మానేసి, తాబేలునే చూస్తూ నిలబడింది.

"డ్రైవరు పక్కన ఇంకొకరికి చోటుంది" అంది డాక్టరమ్మ. "కొన్నాళ్లు మీరుంటే మేత మానకుండా తింటాడు. వస్తారా?"

బాబాయి ఆ సీటు చూశాడు. రెగ్జిన్ చిరిగి ఉంది. కిటికీ అద్దం దించి ఉంది. ఏడు గంటల ప్రయాణమో, పది గంటలదో. చివర సముద్రం.

"ఇక్కడ అలవాటైన చేతులుంటే అక్కడి మేత ముట్టదమ్మా" అన్నాడు. "తొట్టి కూడా కడగాలి."

గేటు ఇరుకు. డ్రైవరు కొత్త. బాబాయే వెనక నిలబడి, చెయ్యి ఊపుతూ దారి చూపించాడు. "రానియ్... రానియ్... కుడికి కొట్టు... ఇంకాస్త... చాల్." లారీ రోడ్డెక్కి తిన్నగా నిలిచింది. తువ్వాలు కింద నుంచి బుస్సుమని ఒక శ్వాస వినిపించింది. బాబాయి లారీ వెనక చెక్కను అరచేత్తో రెండుసార్లు తట్టాడు.

"పోనియ్" అన్నాడు.

మలుపు తిరిగేదాకా చూసే అలవాటు అతనికి లేదు. గేటు గొళ్లెం పెట్టి లోపలికొచ్చాడు.

మిగిలిన నీళ్లు వదిలేసి, తొట్టి అడుగు బ్రష్షుతో రుద్దాడు. మూలలు రుద్దాడు. గొట్టం కింద పడుకుని మరీ రుద్దాడు. సాయంత్రం టికెట్లక్క ఫ్లాస్కు పట్టుకుని వచ్చి, గట్టు మీద గ్లాసు పెట్టింది.

"ఇంటికి పోవా బాబాయ్?"

"పోతా."

"మా ఇంటికి రా, భోంచేద్దువు గాని. ఇంట్లో అందరికీ నువ్వు తెలుసు. నేను చెబుతూనే ఉంటాగా."

"ఇంకో రోజొస్తాలే."

ఆవిడ ఫ్లాస్కు మూత బిగించుకుని వెళ్లింది. సూపర్వైజరు దీపాలు ఆర్పుకుంటూ వచ్చి, ఐదు అద్దాల లోంచి కనిపిస్తున్న ఖాళీ సిమెంటును చూసి, "మెల్లగా తాళం వేసుకో" అని వెళ్లిపోయాడు.

బాబాయి టీ తాగాడు. చల్లారిపోయింది. గ్లాసు కడిగి బోర్లించాడు. బ్రష్షును మేకుకు తగిలించి, చెప్పులు వేసుకుని, హాలు తలుపు దగ్గరగా వేశాడు. తాళంకప్ప పడిన చప్పుడైంది.

తొట్టి గట్టు మీద డాక్టరమ్మ మరిచిపోయిన గుడ్డటేపు పొడవుగా పడి ఆరుతోంది. దాని మీద నీలం సిరాతో రెండు గీతలు, మధ్యలో తొమ్మిది అంగుళాల దూరం. తడికి సిరా కొంచెం పాకింది గానీ, గీతలు రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి.